మూడో దిబ్బ మీద వావిలి పూత

...ఎండ వేడే అయి ఉంటుందని సరిపెట్టుకుందామన్నా, ఆ రోజు ఎండ ఎక్కడిది? పొద్దున్న ఏడు కూడా కాలేదు. జీపు అద్దం మీద మంచు నీళ్లై కారుతోంది. మొదటి దిబ్బ మీద రేగు మొక్కలు తడిసి ఉన్నాయి. రెండో దిబ్బ మీద వాక కంపలు తడిసి ఉన్నాయి. మూడో దిబ్బ నడుముకు అడ్డంగా మాత్రం, ఎవరో గుడ్డతో తుడిచి వెళ్లినట్టు, ఒక పట్టీ పొడిగా ఉంది. దాని మీద మూడు ఊరకుక్కలు ముడుచుకుని పడుకున్నాయి. కుక్కలకు ఎవరు చెప్పారు? కుక్క చలికాలంలో వెచ్చని చోటు వెతుక్కుంటుంది, అందులో వింతేముంది, పొయ్యి పక్కన పడుకోదా? నిజమే. అయితే అక్కడ పొయ్యి ఏది?

ఇక్కడికి వచ్చేసరికి జగ్గారావు ఆలోచన ప్రతిసారీ ఆగిపోతుంది. ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ జీపు అద్దం మీది మంచు దగ్గర మొదలవుతుంది. పన్నెండు రోజులుగా ఇదే తంతు.

ఆదివారం మధ్యాహ్నం. రైల్వే ఊరి శివారు తాల్‌బగీచాలో తన ఇంటి వెనక జాగాలో, నీడకు కట్టిన పచ్చ వల కింద గొంతుక్కూర్చుని, మొక్కల సంచుల్ని ఒక్కొక్కటే ఎత్తి అడుగు చూస్తున్నాడు. సంచి చీల్చుకుని నేలలోకి దిగిన వేరు ఎక్కడైనా మిగిలి ఉంటే కత్తెరతో తెంచాలి. ఈ పని రెండు వారాల ముందే చేశాడు. అప్పుడు తెంచితేనే మొక్క ఆ నొప్పి మరిచిపోయి ప్రయాణానికి సిద్ధపడుతుంది. లారీ ఎక్కే ముందు తెంచితే దారిలోనే వాడిపోతుంది. అయినా ఇవాళ మళ్లీ చూస్తున్నాడు. చూడటానికి ఏమీ లేదు. చేతులకు పని ఉంటే తల కాస్త ఊరుకుంటుందేమోనని.

ఊరుకోలేదు.

వావిలి, రేగు, వాక, కొడిశ. అన్నీ పొదలే. ఒకప్పుడు ఇలాంటి మొక్కల్ని ఎవరూ పెంచేవాళ్లు కాదు, ఎక్కడ పడితే అక్కడ వాటంతటవే ఉండేవి. ఉత్తరాన, దామోదర్ నది అవతల, నేలను పైనుంచి తవ్వి బొగ్గు తీసిన చోట మాత్రం ఏమీ మిగల్లేదు. బొగ్గు అయిపోయాక గొయ్యి పూడ్చి, తవ్విపోసిన రాయీ మట్టీ దిబ్బలుగా సర్ది, మొదట్లో త్వరగా పెరిగే పరాయి చెట్లు నాటారు. అవి ఏపుగా పెరిగాయి గానీ వాటి నీడలో గడ్డి కూడా మొలవలేదు, పిట్ట వాలలేదు. అప్పుడు ఎవరికో తోచింది, తవ్వక ముందు అక్కడ ఏ పొదలుండేవో అవే మళ్లీ తెచ్చి పెడదామని. ఆ పొదల గింజలు రైలు కట్టల పక్కనా, హిజ్లీ అడవి అంచునా ఏరి తెచ్చి, సంచుల్లో మొలిపించగల మనిషి కోసం వెతికితే జగ్గారావు దొరికాడు. అరవై ఆరేళ్ల రిటైర్డ్ రైల్వే మాలి. ఒంటి మనిషి. పెళ్లి చేసుకోలేదు. మాట్లాడటం తక్కువ. అతని చేతిలో కొడిశ గింజ కూడా నూటికి ఎనభై మొలుస్తుందని చెప్పుకుంటారు.

చేతిలో. ఆ మాట విన్నప్పుడల్లా జగ్గారావు తన కుడిచేతిని పంచె మడతలోకి లాక్కుంటాడు.

ముక్కాలి పీట మీద గింజల డబ్బా, డబ్బా కింద కాగితం. రాజ్ కిరణ్ రాసి పంపిన కాగితం. పక్కనే ఉన్న మలంచా పేట కుర్రాడు, ఇప్పుడు ఆ గని భూముల్లో మొక్కల పని చూసే ఆఫీసరు. ఇంగ్లీషులో ఒక్క పేజీ. మూడో దిబ్బ మీద నిరుడు నాటిన మొక్కలు బాగా బతికాయి, నేల అనువుగా ఉంది, రెండో విడత అక్కడే నాటవచ్చును. కింద గీత. గీత మీద జగ్గారావు సంతకం చేస్తే రేపు పొద్దున్న ఐదింటికి లారీ కదులుతుంది. లారీలో మొక్కలతోపాటు ట్రాఫిక్ అనే రైల్వే కాలనీ ఆడవాళ్లు పదిమంది, గునపాలు, పారలు. ఆ పదిమందికీ పెద్ద, స్నేహితుడి కూతురు జెనీ. వాళ్లు మూడో దిబ్బ ఎక్కుతారు. ఎక్కి, సరిగ్గా ఆ పట్టీ మీద, రెండడుగుల లోతున గోతులు తవ్వుతారు.

ఫోను మోగింది.

“అంకుల్, సంతకం అయినట్టేనా?” రాజ్ కిరణ్ గొంతులో ఉత్సాహం. “ఫొటో చూసినారా? మా బడే సాబ్ పెద్దది చేయించి గోడకి పెట్టించినారు. జనవరిలో వావిలి పూత! ఎవరూ నమ్మడం లేదు.”

“ఈ నెల్లో పూయదు బాబూ అది. ఎండలు ముదిరాక పూస్తాది.”

“అదే కదా నేననేది! అంత బలమైన నేల. అందుకే రెండో విడత మొత్తం ఆ పూసిన పట్టీ మీదే ఒత్తుగా పెట్టించమన్నారు.”

జగ్గారావు కత్తెర కింద పెట్టాడు. “నేల కింద ఏటుందో సూడాలి బాబూ.”

“చూసినాం కదా. మీ ముందే తుపాకీ కొట్టినాను.” తుపాకీ అంటే వేడి చూపే యంత్రం. దూరం నుంచి గురిపెట్టి మీట నొక్కితే అంకె పడుతుంది. “ఇరవై రెండు. ఏటుంది అందులో? నార్మల్.”

“అది పైపైన సూపిస్తాది.”

“కింద బొగ్గు తీసేసినారు అంకుల్. ఇంకేటి ఉంటాది?”

“తీసెయ్యగా మిగిలింది ఉంటాది.”

రాజ్ కిరణ్ చెడ్డవాడు కాదు. పెద్దవాళ్ల మాట తీసిపారేసే రకం కాదు. జాగ్రత్తగా అడిగాడు. “అంకుల్, మీరు ముట్టుకున్నారా? మీకు ఏమైనా... తెలిసిందా?”

పచ్చ వల చిల్లుల్లోంచి పడిన వెలుగు జగ్గారావు ముంజేతి మీద చిన్న చిన్న గళ్లుగా వణుకుతోంది. అవును అంటే చాలు. మూడే అక్షరాలు.

“నేదు బాబూ. ఊరికే అన్నాను.”

“ఠీక్ హై అంకుల్. పొద్దున్న డ్రైవరుకి కాగితం ఇచ్చేయండి.”

ఫోను జేబులో పెట్టుకున్నాక, తాను నవ్వుతూ మాట్లాడాడని జగ్గారావుకు గుర్తొచ్చింది. ఎందుకు నవ్వాడు? అవతలివాడికి కనపడదు కదా.

ముట్టుకున్నాడు. ముట్టుకోకుండా ఎలా ఉంటాడు? రాజ్ కిరణ్ ఆ పట్టీ వెంట దిబ్బకు అటువైపు వెళ్లి పూతను ఫొటో తీస్తున్నప్పుడు, జగ్గారావు కుక్కల్ని అదిలించి, వంగి, కుడిచేతి వెనకవైపును నేలకు ఆనించాడు. ఆలోచించి చేసిన పని కాదు. పాత చెయ్యి, పాత అలవాటు, తనంతట తానే వెళ్లింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. దూరం నుంచి వచ్చి ఆగిన బండి ఇరుసులా వెచ్చగా ఉంది. అంతవరకూ పరవాలేదు. తర్వాత ఊతకర్రను నేలలో గుచ్చాడు. కొత్త మట్టి ఎంత గుల్లగా ఉన్నా కర్రకు కాస్త ఎదురు తిరుగుతుంది. ఇది తిరగలేదు. మూరెడు లోతు దిగిపోయింది. పైకి లాగితే అగ్గిపుల్ల ఆర్పిన వాసన. ఆ కన్నాన్ని వేళ్లతో వెడల్పు చేసి చెయ్యి మణికట్టు దాకా పెట్టాడు. ఒకటి అనే లోపల చెయ్యి బయటికి వచ్చేసింది.

ఆ కన్నం మూసుకోలేదు. చుట్టూ ఉన్న మట్టి సన్నగా, ఇసుక గడియారంలోలా, లోపలికి జారడం మొదలుపెట్టింది. జారుతూనే ఉంది. నిండాలి కదా. ఎక్కడికి పోతోంది అంత మట్టి? జగ్గారావు చెవి దగ్గర పెట్టి విన్నాడు. ఏమీ వినపడలేదు. పడిన చప్పుడు లేదు. అప్పుడు రాజ్ కిరణ్ అడుగుల చప్పుడు వినిపించి, చెప్పు కాలితో పక్క మట్టిని నెట్టి కన్నం మీద తొక్కాడు. తప్పు చేసినవాడిలా. తొక్కుతూ, ఈ మట్టి గుల్లగా ఉంది బాబూ అన్నాడు. కొత్త మట్టి కదా అంకుల్, అలాగే ఉంటాది అన్నాడు కుర్రవాడు.

ఎందుకు తొక్కాను? ఆ ప్రశ్నకు జవాబు ఆ దిబ్బ మీద లేదు. పందొమ్మిదేళ్ల వెనక ఒక రైల్వే యార్డులో ఉంది.

అప్పుడు అతను మాలి కాదు. గూడ్సు బళ్ల చక్రాలు చూసే పని. బండి వచ్చి ఆగగానే దాని పొడవునా నడుస్తూ, ప్రతి చక్రం దగ్గరా వంగి, ఇరుసు పెట్టె మీద చేతి వెనకవైపు ఆనించి చూడాలి. అరచెయ్యి కాదు. అరచెయ్యి కాలితే వేళ్లు ముడుచుకుని దాన్నే పట్టుకుంటాయి. వెనకవైపు కాలితే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. మొదటి రోజు మేస్త్రీ నేర్పిన విద్య అది. మూడు అంకెలు అనేదాకా ఆనించి ఉంచగలిగితే బండి మంచిది. ఉంచలేకపోతే సుద్దముక్కతో ఆ వేగను మీద 'సిక్' అని రాయాలి. జబ్బుపడ్డ ఆ వేగన్ని బండిలోంచి విడదీసి పక్క లైనులో పెడతారు.

ఆ చలికాలం ఒక వారం ముందే జగ్గారావు ఒక వేగను మీద సిక్ అని రాశాడు. విడదీసి చూస్తే ఏమీ లేదు. బండి రెండు గంటలు ఆలస్యమైంది. 'జగ్గారావు సేతికి జొరమొచ్చినాది' అని యార్డంతా నవ్వింది. చిన్న మాట. ఎవరైనా మర్చిపోయేదే. జగ్గారావు మర్చిపోలేదు. మళ్లీ వారానికి, తెల్లవారుజామున, ఇంకో బండి. ముప్పై ఒకటో వేగను. రెండు అనేసరికి చెయ్యి వెనక్కి వచ్చేసింది. జేబులోంచి సుద్దముక్క తీశాడు. అప్పుడు ఎవరో దూరంగా నవ్వినట్టు వినిపించింది. తన గురించే కాదు, వేరే ఏదో మాటకు. సుద్దముక్క మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

నలభై నిమిషాల తర్వాత ఒక కల్వర్టు దగ్గర ఆ ఇరుసు విరిగింది. చివరి ఏడు పెట్టెలూ పక్కకు పడ్డాయి. ఆఖరి పెట్టెలో గార్డు సొలొమోను ఉన్నాడు. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు.

విచారణలో అడిగారు, ముట్టుకుని చూశారా అని. చూశానన్నాడు. వేడి తెలియలేదా? తెలియలేదన్నాడు. డాక్టరు దగ్గరికి పంపారు. ఒంట్లో చక్కెర ఉన్నమాట నిజం, అప్పుడే బయటపడింది. డాక్టరు చేతి మీద సూది గుచ్చాడు. తెలుస్తోందా? లేదు. ఇంకో చోట గుచ్చాడు. ఇక్కడ? లేదు. సూది దిగుతుంటే జగ్గారావు కిటికీ అవతల ఆరేసిన దుప్పట్లను చూస్తూ ఉండిపోయాడు. కన్ను ఆర్పలేదు. చెయ్యి మొద్దుబారిందని రాశారు. ఆ పనికి పనికిరాడని తేల్చి, తేలిక పని కింద రైల్వే తోటలోకి మార్చారు. అలా మాలి అయ్యాడు.

ఇవాళ ఫోనులో అన్నది తప్ప, అబద్ధం నోటితో చెప్పింది ఆ ఒక్కసారే. చేత్తో మాత్రం అప్పటినుంచి రోజూ చెబుతున్నాడు. వేడి గిన్నె పట్టుకుని. ముల్లు గుచ్చుకుంటే చూసుకోనట్టు ఉండి. ఎదుటివాడు చెయ్యి నొక్కి పలకరిస్తే ఆలస్యంగా తిరిగి చూసి. ఇప్పుడు అందులో ఎంత నటనో ఎంత నిజమో అతనికే తెలియదు. ఇన్నేళ్లు చచ్చిపోయినట్టు ఉన్న చెయ్యి ఒక పొద్దున్న లేచి, కింద నిప్పుంది అంటే నమ్మవచ్చునా? అది నేల వేడా, లేక ఆ ముప్పై ఒకటో వేగనే ఇంకా చేతికి అంటుకుని ఉందా?

వీధి చివర లారీ వచ్చి ఆగిన చప్పుడు. దాని వెనకే టోటో బ్యాటరీ ఆటో హారను. జగ్గారావు కాగితాన్ని డబ్బా కిందికి ఇంకా తోశాడు.

“ఏటిరా జగ్గూ, ఆదివారం కూడా ఆ సంచులకి తల దువ్వుతన్నావా?” సొలొమోను ఊతకర్ర చప్పుడు ముందు, గొంతు తర్వాత. ఇంకా చర్చి తెల్లచొక్కాలోనే ఉన్నాడు. ప్రతి సాయంత్రం ట్రాఫిక్ కాలనీ నుంచి ఇక్కడికి టీకి రావడం అతనికి పదేళ్ల అలవాటు. “పెళ్లాన్ని ఇలగ సూసుకునుంటే ఈపాటికి నీకు మనవలుండేవోళ్లు.”

“పెళ్లాం నీలాగ రోజూ టీ అడుగుతాదని సేసుకోనేదు.”

“విన్నావేటే జెనీ? టీ ఇవ్వనంటన్నాడు.”

“నువ్వు అడిగితే ఎవరిస్తారు నాన్నా, నేను పెడతాను.” జెనీ అప్పటికే చెప్పులు విప్పి రేకుల చావడిలోకి వెళ్లి స్టవ్ ముట్టిస్తోంది. ముప్పై అయిదేళ్ల మనిషి, బలమైన భుజాలు, ఊరంతా వినపడే గొంతు. జడలో మల్లెపూల బదులు ఊదారంగు వావిలి కంకి తురుముకుంది. “సూసినావా బాబాయ్? రాజ్ కిరణ్ నిన్న మూడో దిబ్బ నుంచి తెచ్చిచ్చినాడు. సర్చిలో అందరూ అడిగినారు, ఈ కాలంలో ఇదెక్కడ దొరికినాదని. మా బాబాయ్ మొక్క అని సెప్పినాను.”

ఆ కంకి వాసన టీపొడి వాసనతో కలిసి అతని దాకా వచ్చింది. ఘాటుగా, మందులా ఉండే వాసన. దాని అడుగున ఇంకో వాసన ఉందా? ఆర్పిన అగ్గిపుల్ల? లేదు. ముక్కు కూడా తన మాట వినడం మానేసింది.

“జెనీ,” అన్నాడు.

“ఏటి బాబాయ్?”

“రేపు మీరు మూడో దిబ్బ ఎక్కొద్దు.”

స్టవ్ మంట తగ్గించి ఆమె ఇటు తిరిగింది. “ఎందుకు?”

“కింద నిప్పున్నాది.”

సొలొమోను బెంచీ మీద కూర్చుంటూ ఊతకర్రను గోడకు ఆనించబోతున్నాడు. ఆ చెయ్యి గాలిలో కాసేపు ఆగింది.

జెనీ నవ్వింది. “రాజ్ కిరణ్ తుపాకీతో కొట్టినాడంట కదా. నీ ముందే కొట్టినాడంట. ఇంత పూత పూస్తే నిప్పెక్కడిది బాబాయ్, నిప్పు మీద పూలు పూస్తాయేటి?”

“అందుకే పూసినాయి. ఏరుకి ఎచ్చగా తగిలి, ఎండాకాలం వొచ్చిందనుకుని పూసినాయి. కాలం గాని కాలంలో పూసిన మొక్క తొందరగా సస్తాది. కింద బొగ్గు కాలి, డొల్లయిపోయినాది. కర్ర గుచ్చితే మట్టి లోపలికి పోతానే ఉంది. నువ్వు గునపం ఏస్తే...” ఆపేశాడు. ఇంత పొడుగ్గా అతను ఎప్పుడూ మాట్లాడడు.

“మరి రాజ్ కిరణ్‌కి సెప్పినావా?”

“సెప్పినాను. సరిగ్గా సెప్పనేదు.”

“కాలతందని ఎవరు సూసినారు?”

“నేను సూసినాను.”

“ఎలగ?”

“సేత్తో.”

“ఏ సేత్తో?” జెనీ ఇప్పుడు గట్టిగా నవ్వేసింది. అందులో ఎగతాళి లేదు, ముద్దే ఉంది. “ఈ సచ్చిన సేత్తోనా? అయ్యో బాబాయ్! కుంపట్లోంచి బంగాళాదుంప తీసి తింటావు నువ్వు. మా ఇంట్లో పిల్లలు నిన్నేటంటారో తెలుసా? పటకారు తాత. నీకు కాలినాదంటే ఎవరు నమ్ముతారు? పదిమంది ఆడోళ్లు ఈ పని కోసం ఆశపడి ఉన్నారు. రేపు పొద్దున్న ఆల్లకేటి సెప్పమంటావు, పటకారుకి కాలినాది, దిగిపోండి అని సెప్పనా?”

సొలొమోను నవ్వలేదు. గోడ వైపు చూస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. “పటకారుకి తెలీదులే. సేతికైతే తెలుస్తాది.”

“ఏటి నాన్నా?”

“ఏటీ నేదు. టీ పొయ్యి.”

జగ్గారావు అతని ముఖం చూడబోయి చూడలేకపోయాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ పైకి రాని అనుమానం ఇప్పుడు కొత్తగా వచ్చినది కాదని, మొదటినుంచీ ఉన్నదేనని తోచింది. సొలొమోను ప్రతి సాయంత్రం ఎందుకు వస్తాడు? కాలు లేని మనిషి రెండు టోటోలు మారి, టీ కోసమేనా? గిన్నె దించాలంటే ప్రతిసారీ 'మా జగ్గూ సెయ్యి ఉండగా గుడ్డెందుకు' అని తనకే ఎందుకు అందిస్తాడు? వేడి గ్లాసు పట్టుకున్న తన వేళ్లకేసి ఎందుకంత నిదానంగా చూస్తాడు? పదేళ్లుగా అతను ఈ చెయ్యి కాలిందనే ఒక్క మాట కోసం కాచుకుని ఉన్నాడా? లేక ఇదీ తన తలలోంచి పుట్టిందేనా, ఆ దిబ్బలాగే, లోపల్లోపల రాజుకుని?

వీధి చివర లారీ తలుపు వేసిన చప్పుడైంది. డ్రైవరు ఎవరినో దాదా అని పిలిచి, మొక్కలు ఎక్కించడానికి ఎప్పుడు రమ్మంటారని అడుగుతున్నాడు.

“వస్తన్నాం దాదా, దాఁడావ్, ఆగు!” జెనీ ఇక్కడినుంచే కేకేసింది. మరిగే టీని స్టీలు గ్లాసుల్లోకి వంచింది. తండ్రి గ్లాసును కొంగు మడతతో పట్టుకుని బెంచీ మీద పెట్టింది. జగ్గారావు గ్లాసుకు కొంగు అక్కర్లేదు. రెండు వేళ్లతో అంచు పట్టుకుని గబుక్కున అతని కుడిచేతిలో పెట్టి, చెవి తమ్మె పట్టుకుని వేళ్లు చల్లార్చుకుంది. “తాగు బాబాయ్. తాగి ఆ కాగితం మీద సంతకం పెట్టు. అదేనా ఆ డబ్బా కింద ఉన్నాది?”

గ్లాసు చుట్టూ వేళ్లు బిగుసుకున్నాయి. ఇలాంటప్పుడు ఏం చేయాలో అతనికి బాగా వచ్చు. ఆసుపత్రి కిటికీ, ఆరేసిన దుప్పట్లు. వాటిని చూస్తూ ఉండాలి. అప్పుడు ఆ మంట తన చేతిలోంచి బయటికి నడిచి, ఎవరిదో చేతిలోకి వెళ్లి కూర్చుంటుంది. ఊపిరి బిగబట్టి పది దాకా లెక్కపెడితే ఆ తర్వాత కష్టం ఉండదు.

ఒకటి.

దుప్పట్లు కనపడ్డాయి. వాటి వెనక ఎన్నడూ లేని ఒక దిబ్బ కనపడింది. దిబ్బ మీద పదిమంది వంగి ఉన్నారు. ఊదారంగు కంకి పెట్టుకున్న ఒక తల గునపంతోపాటు పైకి లేచింది. గునపం దిగింది. ఎదురు తిరగలేదు. మట్టి సన్నగా, చప్పుడు లేకుండా, లోపలికి జారడం మొదలుపెట్టింది.

రెండు.

సొలొమోను చూస్తున్నాడు. గ్లాసును కాదు, వేళ్లను. అతని టీ బెంచీ మీద అలాగే ఉంది, ముట్టుకోలేదు. జెనీ డబ్బా ఎత్తి కాగితం తీసి, పెన్ను కోసం అటూ ఇటూ వెతుకుతోంది.

చెయ్యి తనంతట తానే వెనక్కి రావాలనుకుంది. అప్పుడు యార్డులో వచ్చినట్టే. ఈసారి జగ్గారావు దాన్ని ఆపలేదు.

“అబ్బా, కాలినాది,” అన్నాడు పైకే. గ్లాసును జెనీ కాగితం తీసిన పీట మీద ఠక్కున పెట్టి, ఎర్రబడిన వేళ్లను తండ్రీ కూతురూ చూస్తుండగా మొక్కల బకెట్టు నీళ్లలో ముంచాడు.